గంగక్కకు కళ్ళు దిద్దిన రోజు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో సముద్రం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. చేప అంటే కూడా మాకు తెలిసింది, చెరువులోకి నీళ్ళు వచ్చిన ఏడాది పిల్లలు తువ్వాలుతో దేవుకొచ్చే వేలెడు చేపపిల్లలే. అయినా మా చేని బావిలో, లోపలి గోడ మీద, నడుము దాకా ఆడమనిషి, నడుము కింద చేప అయిన ఒకామె ఉండేది. మా తాత సున్నంతో, ఎర్రటి జాజుమట్టితో వేసిన బొమ్మ అది. ఆయనకు ముందు వాళ్ళ నాయన వేసేవాడట. అలాంటి వాళ్ళను మత్స్యకన్యలంటారని బడిలో కన్నడ మేష్ట్రు చెప్పాడు గానీ, ఆ పేరు పెళ్ళిపత్రికలో అచ్చువేసిన పేరులా ఉండేది, నోరారా పిలుచుకోవడానికి పనికొచ్చేది కాదు. మేం ఆమెను గంగక్క అనేవాళ్ళం.

మాది కన్నడ సీమ అంచున, నిడుగల్లు కొండ కింద ఒక చిన్న తెలుగు ఊరు. ఒకప్పుడు గొర్రెలు కాసుకుని బతికిన ఇళ్ళు, తర్వాత మడక పట్టి సేద్యంలోకి దిగాయి. వాన పడితే వేరుశనగ విత్తడం, పడకపోతే మొగులు వైపు చూడడం, ఇదీ మా సేద్యం. నేను చెప్పే కాలంలో విత్తింది తక్కువ, చూసింది ఎక్కువ. చూసి చూసి పెద్దవాళ్ళ మొహాలు అలాగే నిలిచిపోయాయేమో అనిపించేది. మా ఊళ్ళో వయసు మీదపడనివాళ్ళు కూడా ముసలివాళ్ళలాగే నడిచేవారు.

మా బావి మెట్లబావి. సగం మెట్లు దిగాక ఎడమ పక్క గోడలో నున్నటి బండ ఒకటి ఉండేది. మంచి ఏళ్ళలో నీళ్ళు అంతదాకా వచ్చేవి. ఏటా తొలకరికి ముందు తాత దిగి, ఆ బండ మీద నానిపోయి చెదిరిన బొమ్మను మళ్ళీ వేసేవాడు. ముఖం, జడ, చేతిలో చెంబు, కింద వంకీ తిరిగిన తోక. కళ్ళు మాత్రం పెట్టేవాడు కాదు. వానలు పడి, ఊట ఎక్కి, నీళ్ళు ఆమె తోకకు తగిలిన రోజున, పసుపూ కుంకుమా తీసుకుని ఇంటిల్లిపాదీ దిగి కళ్ళు దిద్దాలి. అది మా ఇంటి ఆచారం. అంతదాకా గంగక్క కళ్ళులేని మొహంతోనే కాచుకుని ఉండాలి.

ఆమె కథ అవ్వ చెప్పేది. గంగక్క ఏడుగురు అక్కచెల్లెళ్ళలో ఆఖరామె. ఎప్పుడో ఉత్తర పినాకినికి పెద్ద వరద వచ్చినప్పుడు ఏడుగురూ నీళ్ళ వెంట తిరగడానికి బయల్దేరారు. మన చేను దగ్గరికొచ్చేసరికి ఈమెకు ఆడుకోవాలనిపించింది. ఆడుతూ ఉండగానే వరద వెనక్కి తీసింది, అక్కలు పోయారు, ఈమె ఇక్కడే చిక్కుకుపోయింది. తోకతో నడవలేదు కదా. మళ్ళీ నీళ్ళు వచ్చేదాకా పోలేదు. వచ్చినా పోదు, అలవాటైపోయింది. ఇంతవరకు కథ బాగానే ఉండేది. కరువు ముదిరేకొద్దీ దానికి ఒక కొస మొలిచింది. కళ్ళు లేని గంగక్కకు తనవాళ్ళెవరో పరాయివాళ్ళెవరో తెలియదనీ, ఎవరు దిగినా చేతులతో తడుముకుంటుందనీ, ముఖ్యంగా కడుపుతో ఉన్నవాళ్ళు మిట్టమధ్యాహ్నం ఆ దరికి పోకూడదనీ. ఆ కొసను ఎవరు తగిలించారో తెలియదు. వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్ళలో అందరూ నమ్మారు, నేను కూడా.

ఆ ఏడు మా అమ్మ కడుపుతో ఉంది. నాన్న కట్టడాల కూలికి బెంగళూరు పోయాడు. ఊరి బోరింగు కొట్టగా కొట్టగా తుప్పు నీళ్ళు వచ్చేవి, ట్యాంకరు దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. అమ్మకు నెలలు ఇంకా నిండలేదు. ఒక మధ్యాహ్నం ఇంట్లో కడవలన్నీ ఖాళీ అయితే అమ్మ చెంబు పట్టుకుని మా బావిలోకి దిగింది. అడుగున బురదలో చిన్న ఊట ఉండేది. దాన్ని చేత్తో తోడి, చెంబు నిండేదాకా కూర్చుని, ఎక్కి వచ్చింది. ఆ సాయంత్రం నొప్పులు మొదలయ్యాయి. జీపు దొరికి పావగడ ఆసుపత్రికి చేరేలోపే బిడ్డ పోయింది. మగపిల్లవాడు. నేను చూడలేదు. అమ్మ ఒక్కతే తిరిగివచ్చింది.

తర్వాత మాటలు మొదలయ్యాయి. బోరింగు దగ్గర ఆడవాళ్ళు గొంతు తగ్గించి అనుకునేవారు, అవ్వ ఇంట్లో గొంతు తగ్గించకుండానే అనేది.

“మిట్టమధ్యాన్నం కడుపుతో బాయిలోకి దిగితే ఆమె ఊరకుంటుందా? కండ్లు లేనామెకు ఏం తెలుస్తుంది? చెయ్యికి దొరికింది తీసకపాయె.”

అవ్వ చెడ్డమనిషి కాదు. అది మాత్రం గట్టిగా చెప్పగలను. నాకు జ్వరం వస్తే రాత్రంతా కాళ్ళు పిసికే మనిషి. కానీ ఆ మాట రోజూ అనేది, ఎవరు వచ్చినా అనేది. అమ్మ ఎదురు చెప్పలేదు. వసారాలో గోడకు మొహం పెట్టి కూర్చునేది. సంగటి ముద్ద ముందుపెడితే పైన పొర కట్టి ఆరిపోయేదాకా అలాగే ఉండేది. మాట మానేసింది. నేను దువ్వెన పట్టుకుని పక్కన కూర్చుంటే చూసేది గాని జడ వేసేది కాదు. ఒక్కసారి మాత్రం, నేను ఏడుస్తూ ఒళ్ళో తల పెట్టినప్పుడు, “నేనే తీసకపోయి ఇచ్చినా పాపా ఆమెకు” అంది. అంతే. నాకు అప్పుడు నిజంగా భయం వేసింది. తమ్ముడు పోయిన బాధ నాకు సరిగా తెలియలేదు, చూడనివాడు. కానీ అమ్మ చెయ్యి పట్టుకుంటే గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. అమ్మ కూడా పోతుందేమోనని ఆ చెయ్యి పట్టుకునే నిద్రపోయేదాన్ని.

మా తాత అన్నీ చూస్తూ ఉండేవాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఉన్న గొర్రెల్లో చాలావరకు మేత లేక అమ్మేశాక మాటలు ఇంకా తగ్గించాడు. మిగిలిన నాలుగింటిని తోలుకుపోయి సాయంత్రం వచ్చి, కాళ్ళు చాపుకుని, వాటిని తనవి కానట్టు చూసుకునేవాడు. ఆ ఏడు బొమ్మ వేసే సంగతే ఎత్తలేదు. నీళ్ళు రావని ఆయనకూ తెలుసు.

ఒక ఉదయం చూస్తే తాత పెరట్లో పాత కుండలో సున్నం నానబెడుతున్నాడు. అవ్వ చేట పక్కన పెట్టి, “నీళ్ళు లేని బాయికి సున్నమెందుకు? ఆ నీళ్ళు నా మొకాన పోస్తే మొకమన్నా కడుక్కుందును” అంది. తాత ఈతమట్ట చీల్చి, కొస నమిలి నమిలి కుంచె చేసుకున్నాడు. నన్ను పిలిచి, జాజు పొడి ఉన్న చిప్ప చేతికిచ్చి ముందు నడిచాడు.

నాకు దిగడానికి కాళ్ళు రాలేదు. తాత పంచె అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని దిగాను. లోపల పావురాల వాసన, ఎండిన పాచి వాసన. అడుగున బురద పగిలి పెచ్చులు లేచి ఉంది. ఊట ఉండిన చోట తడి కోసం వాలే తేనెటీగలు కూడా లేవు. తాత బండ ముందు గొంతుకూర్చుని, తొందర లేకుండా వేయడం మొదలుపెట్టాడు. కాసేపటికి నేను కళ్ళు తెరిచాను. భయపడుతూ ఎంతసేపని కూర్చుంటాం, విసుగు పుడుతుంది. తోక మీద ఆయన పొలుసులకు బదులు వేరుశనగ తొక్క మీద ఉండే గీతల వల వేస్తున్నాడు.

“చేపకు ఇట్లుంటుందా తాతా?”

“నాకేం తెలుసు పాపా. నాకు తెలిసింది శెనక్కాయ. అదే వేస్తాండా. మా నాయన కూడా ఇట్లే వేసినాడు.”

అప్పటిదాకా దెయ్యంలా అనిపించిన గంగక్క, తోక వేరుశనగకాయ అని తెలిశాక, మా చేలో పండిన మనిషిలా అనిపించింది. ఎండ బావి అంచు దాటి లోపలికి దిగేసరికి బొమ్మ పూర్తయింది. కళ్ళ చోటు ఖాళీ. తాత చేతులు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

“ఇంటికి పోయి గూట్లో కాటుక బరిణె ఉండాది, తీసకరా. మీ అమ్మ ముందరే తీసుకో. దాచుకొని రాగాకు. ఏమన్నా అడిగితే నిలబడగాకు, నడస్తానే చెప్పు. చెంబుడు తాగే నీళ్ళు కూడా పట్టుకొని రా.”

ఆ కాటుక సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. బిడ్డ పుట్టకముందే అమ్మ ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, మసి పట్టి, నూరి, బరిణెలో పెట్టుకుంది. పుట్టకముందే ఏ వస్తువూ సిద్ధం చేయకూడదని అవ్వ అప్పుడే అరిచింది. బిడ్డ పోయాక ఆ బరిణె గూట్లో పెట్టింది పెట్టినట్టే ఉంది. దాన్ని ముట్టుకోవాలంటే నాకు బావిలో దిగడం కంటే కష్టమైంది. అవ్వ ఎవరింటికో పోయింది. నేను గూట్లో చెయ్యి పెట్టి బరిణె తీశాను, కడవలోంచి చెంబు ముంచుకున్నాను, అమ్మ ముందు నుంచే బయటికి నడిచాను.

అమ్మ తల తిప్పింది.

“యాడికి తీసకపోతాండావే దాన్ని?”

ఎన్నాళ్ళ తర్వాతో విన్న గొంతు. నిలబడిపోయి ఆమెను కావలించుకోవాలనిపించింది. తాత నిలబడొద్దన్నాడు కదా. “బాయికాడికి, తాత అడిగినాడు” అంటూ నడిచాను. వెనక అమ్మ లేచిన చప్పుడు విన్నాను, తర్వాత ఆమె పాదాల చప్పుడు. పల్లేరుకాయలు గుచ్చుకునే చేనుకు అడ్డంపడి, చెప్పులు లేకుండా వస్తోంది. నేను చెంబు తొణకకుండా పరుగులాంటి నడక నడిచాను. వెనక్కి తిరిగితే ఆగిపోతుందేమోనని తిరగలేదు.

బావి గట్టు దగ్గర అమ్మ నిలిచిపోయింది. నేను దిగి తాతకు బరిణె ఇచ్చాను. ఆయన పైకి చూడలేదు. బండతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు.

“దిగేది దిగకపొయ్యేది నీ ఇష్టం తల్లీ. ఆడ కూచోనే ఇను.”

అప్పుడు చెప్పాడు, నేనెప్పుడూ వినని సంగతి. వాళ్ళమ్మకు ఆయన కంటే ముందు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారట. ఆ ఏళ్ళు కరువు ఏళ్ళు కావు. బావి నిండి గట్టు మీదికి పొర్లిన ఏళ్ళు. గంగక్కకు రెండు కళ్ళూ చక్కగా దిద్ది ఉన్నాయి. వాళ్ళమ్మ రోజూ ఆ నీళ్ళే తెచ్చుకుంది, ఆ నీళ్ళలోనే పసుపు వేసి మొక్కింది. అప్పుడు కూడా ఆమెనే అన్నారు, తడి చీరతో మొక్కిందని ఒకరు, తలంటుకోకుండా మొక్కిందని ఒకరు. ఆ మాటలు పడలేక వాళ్ళమ్మ బతికినన్నాళ్ళూ ఈ బావిలోకి మళ్ళీ దిగలేదట.

“కండ్లు ఉన్నెప్పుడూ పోయినారు, లేనెప్పుడూ పోయినారు. ఇంగ ఈమె చేసిందేముండాది? నీకు కడుపునిండా తిండి లేదు. నిండు కడుపుతో కడవలు మోసినావు. జనానికి వాన మీద కోపం తల్లీ. వానను కొట్టలేరు, అందుకని బొమ్మ మీద పడతారు, కోడండ్ల మీద పడతారు.”

పైన అమ్మ గట్టు అంచుకు వచ్చి తొంగి చూసింది. నెమ్మదిగా అడిగింది.

“మరి కండ్లెందుకు పెడతాండావు మామా? నీళ్ళు తోకకు తగలకుండా పెట్టకూడదు గదా.”

తాత నా చేతిలో చెంబు తీసుకున్నాడు. చూస్తుండగానే, నేను అంత దూరం చుక్క ఒలకకుండా మోసుకొచ్చిన నీళ్ళన్నీ గంగక్క తోక మీద గుమ్మరించాడు. ఆరని జాజు మీదుగా ఎర్రగా జారి, బురద పెచ్చుల మీద పడి, పడినవి పడినట్టే ఇంకిపోయాయి.  తాగే నీళ్ళు గోడకు పోసే మనిషి ఉంటాడని నేను కలలో కూడా అనుకోలేదు.

“తగిలినాయి,” అన్నాడు తాత. “వాటంతట అవే రావాలని మా నాయన చెప్పలేదు. తగలాలన్నాడు, అంతే. రా. నా చెయ్యి వణుకుతాండాది, కండ్లు వంకర పోతాయి. ముగ్గు పెట్టే చెయ్యి నీది.”

అమ్మ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె ఏడవడం అదే మొదలు. గొంతు విప్పి, పావురాలు లేచిపోయేలా ఏడ్చింది. నాకు తాత మీద కోపం వచ్చింది, అమ్మను ఏడిపించాడని. ఆయన మాత్రం ఏడవనిచ్చాడు. నన్ను దగ్గరికి లాక్కుని, నా తల మీద చెయ్యి వేసి, పెచ్చులు లేచిన బురదను చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత అమ్మ దిగివచ్చింది. బరిణె మూత తీసి, ఉంగరపు వేలికి కాటుక అద్దుకుంది. గంగక్క గడ్డం ఎడమచేత్తో పట్టుకున్నట్టు బండ మీద చెయ్యి ఆనించి, ఒక కన్ను, ఇంకో కన్ను దిద్దింది. పసిబిడ్డకు పెట్టేటప్పుడు లాగినట్టే కొసలు చెవుల వైపు లాగింది. కాసేపు చూసి, వేలికి మిగిలిన కాటుకతో బుగ్గ మీద ఒక దిష్టిచుక్క పెట్టింది. తాత కుంచె వెతికే నెపంతో మొహం అటు తిప్పుకున్నాడు.

మా అమ్మ పుట్టిల్లు నాగలమడిక దగ్గర, ఉత్తర పినాకిని ఒడ్డు. వేళ్ళు తుడుచుకుంటూ, “ఏటెంబడి వచ్చింది గదా ఈమె. అయితే మా ఊరామే,” అంది. ఎవరితో అందో తెలియదు. అలా అంటున్నప్పుడు ఆమె మొహం చాలా అలసిపోయినట్టు ఉంది. కానీ గోడ వైపు చూసే మొహం కాదది. నేను జడ చూపిస్తే అక్కడే మెట్ల మీద కూర్చోబెట్టి, దువ్వెన లేకుండా వేళ్ళతో దువ్వి అల్లింది.

ఇంటికి వచ్చేసరికి అవ్వ కడవ వంచి చూస్తోంది. సంగతి విని నెత్తి కొట్టుకుంది.

“తాగే నీళ్ళు గోడకు పోస్తివా? బుద్ధి ఉండాదా నీకు? చెంబుడు నీళ్ళు యాడ పుడతాయనుకున్నావు ఈ కరువులో?”

తాత గొంతు పెంచలేదు. “ఆ పొద్దు కూడా చెంబుడు నీళ్ళకే గదా కోడల్ని బాయిలోకి పంపినావు,” అన్నాడు.

అవ్వ చేతిలో కడవ అలాగే ఉండిపోయింది. ఆమెకు దాహమైతే అమ్మ బావికి పోయిందని నాకు అప్పుడే తెలిసింది. అన్నాళ్ళూ అవ్వ అంత గట్టిగా ఎందుకు అరిచేదో కూడా, ఎప్పటికో పెద్దయ్యాక, అర్థమైంది. ఆ రోజు అవ్వ కడవ దించి పొయ్యి రాజేసింది.  తర్వాత సంగటి ముద్ద, పక్కన రోట్లో నూరిన ఊరిబిండి పెట్టి, పళ్ళెం అమ్మ ముందుకు జరిపి, తను కూడా అక్కడే కూర్చుంది. సంగటి మీద పొర కట్టలేదు. అమ్మ తినింది. సగం తిని, మిగిలిన సగం అవ్వ వైపు జరిపింది.

ఇలాంటి కథల్లో మర్నాడే వాన పడుతుంది. మాకు పడలేదు. ఆ ఏడంతా గంగక్క పెద్ద పెద్ద కాటుక కళ్ళతో ఎండిపోయిన బావినే చూసింది. మిగిలిన గొర్రెలు కూడా పోయాయి. అమ్మ కరువు పనుల్లో రోడ్డుకు కంకర కొట్టడానికి పోయింది, చేతులు బొబ్బలెక్కి వచ్చేది, వచ్చి తినేది, తిట్టేది, నా జడ లాగి అల్లేది. అది చాలు నాకు. బోరింగు దగ్గర ఎవరో మళ్ళీ ఆ మాట ఎత్తితే అవ్వే, “నోరు మూసుకొని నీళ్ళు పట్టుకో” అందట. తర్వాత్తర్వాత ఊరంతా బోర్లు వేసుకున్నారు, మా బావిని రాళ్ళతో పూడ్చేశారు. గంగక్క వాటి వెనక ఎక్కడో ఉంది, బుగ్గన చుక్కతో.

అమ్మ ముసలిదయ్యాక పోయింది. తాతా అవ్వా ఎప్పుడో పోయారు. నాకూ మోకాళ్ళు పట్టేస్తున్నాయి, ఎవరితోనూ వాదించే ఓపిక లేదు. లోకం మాత్రం మారలేదు. ఎవరింట్లోనో ఒక అమ్మాయికి కడుపు నిలవకపోతే, పంట పోతే, మగవాడు జబ్బు పడితే, నలుగురూ చేరి ఒక కథ అల్లడం మొదలుపెడతారు. ఆ కథకు కొస మొలుస్తుండగానే నేను లేస్తాను. వంటింట్లోకి పోయి చెంబుడు నీళ్ళు ముంచుకొచ్చి, ఆ అమ్మాయి చేతికిచ్చి, ఆమె తాగేదాకా పక్కనే కూర్చుంటాను.